మంత్రిగారి కారు నడిపిందెవరు?

ప్రమాదం జరిగాక ఏం చేయాలో ఇంతవరకు ఎవరికీ తెలియదని, అందుకే తాను తెలియజేస్తున్నానని రవాణా మంత్రిగారు ప్రకటించారు. నియమాలు రెండే. ఒకటి, డ్రైవర్ పారిపోకుండా అక్కడే ఉండాలి. రెండు, నడిపిందెవరో నిజం చెప్పాలి. సభ చప్పట్లతో మార్మోగింది. అందరికంటే గట్టిగా కొట్టింది వెనక నిలబడ్డ మంత్రిగారి డ్రైవరు. మనిషి పొట్టి. స్టీరింగ్ అందడానికి సీటు మీద రెండు దిండ్లు వేసుకుంటాడు. కానీ ఇన్నేళ్ల సర్వీసులో ఆ కారు మీద గీత పడనివ్వలేదు.

తిరుగు ప్రయాణంలో మంత్రిగారికి ఉత్సాహం పొంగింది.

"జరగవయ్యా, ఇవాళ నేను నడుపుతా."

"సార్, తమరికి లైసెన్సు..."

"లైసెన్సులిచ్చే శాఖే నాది."

డ్రైవరు దిండ్లు చంకన పెట్టుకుని పక్క సీట్లోకి జరిగాడు. కాసేపటికి కారు రోడ్డు వదిలేసి, తలుపు తీసేదాకా ఆగకుండా ఒక సెలూన్‌లోకి వెళ్ళి, పెద్దద్దం పగలగొట్టి ఆగింది. కుర్చీలో సగం గడ్డం గీయించుకున్న పెద్దమనిషి తల తిప్పకుండానే, "వరసలో రండి" అన్నాడు.

దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. వెనక సీట్లోని పీఏ ముందుగా తేరుకున్నాడు.

"నడిపింది నువ్వు."

"రెండో నియమం నిజం చెప్పమంది కదండీ?"

"చెప్పు. నిజమేంటో నేను చెప్తా, అది నువ్వు చెప్పు."

"లైసెన్సు పోతే ఉద్యోగం పోతుంది సార్. ఉద్యోగం పోతే మా ఆవిడ..."

"ఇక చెప్పకు. నాకూ ఆవిడుంది."

డ్రైవరు కాళ్ళీడ్చుకుంటూ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాడు. అక్కడ కాలు పెట్టే చోటు లేదు. పోయినసారి మంత్రిగారి తప్పు నెత్తినేసుకున్న కార్యకర్త ఇప్పుడు కార్పొరేషన్ చైర్మన్. ఆ సంగతి పార్టీలో ఎవరూ మర్చిపోలేదు.

తలకి కట్టు కట్టుకొచ్చిన యువజన విభాగం అధ్యక్షుడు, "నడిపింది నేనే సార్" అన్నాడు.

"నీకు సైకిలే రాదు తమ్ముడూ" అంది మహిళా విభాగం అధ్యక్షురాలు. "నేను నడిపాను, ఎస్సైగారూ."

"మీకు డ్రైవింగ్ వచ్చా అమ్మా?"

"రాదు. అందుకే కదా గుద్దింది!"

ఆ సాక్ష్యంలోని బలానికి ఎస్సై లేచి నిలబడ్డాడు. బయట "మా నాయకుడి నేరం మా జన్మహక్కు" అని నినాదాలు మొదలయ్యాయి. పక్క నియోజకవర్గం నుంచి నేరం ఒప్పుకోవడానికి బస్సు కూడా వచ్చింది.

"సార్, నిజంగా డ్రైవర్ని నేనేనండీ" అన్నాడు మన డ్రైవరు.

"వరసలో నిలబడు."

ఎస్సై పీఏకి ఫోన్ చేశాడు. "ఒకరి పేరు రాస్తే మిగతావాళ్ళంతా పార్టీ మారిపోతామంటున్నారు సార్."

సాయంత్రం మంత్రిగారు విలేకరులను పిలిచారు. "కారు ఎవరూ నడపలేదు. ఇది దేశంలోనే మొట్టమొదటి డ్రైవర్ లేని కారు. ప్రాణాలకు తెగించి నేనే పరీక్షించాను."

"మరి సెలూన్‌లోకి ఎందుకెళ్ళిందండీ?"

"ఎక్కడికెళ్ళాలో అదే నిర్ణయించుకుంటుంది. దాని గొప్పతనమే అది."

గండం గడిచిందని డ్రైవరు హాయిగా నిద్రపోయాడు. తెల్లారి డ్యూటీకి వెళితే గేటు దగ్గరే పీఏ ఆపాడు. "డ్రైవర్ లేని కారుకి డ్రైవరెందుకయ్యా?"

దిండ్లతో ఇంటికొచ్చిన మొగుణ్ణి భార్య ఎగాదిగా చూసింది. "గుద్దారా?"

"లేదు."

"తాగారా?"

"లేదే. నేనసలు లేనంట."

"ఇంట్లో అయితే ఉన్నారుగా. ఆ బకెట్టు ఇలా అందుకోండి."

వారం తిరక్కుండా పీఏ టేపు పట్టుకుని ఇంటికొచ్చాడు. డ్రైవర్ని కూర్చోబెట్టి నెత్తి నుంచి మోకాళ్ళదాకా కొలిచాడు. "విదేశీ బృందం కారు చూడ్డానికొస్తోంది. సీటు కింద పెట్టె చేయించి, స్టీరింగూ బ్రేకులూ అందులోకి దింపాం. రోడ్డు కనబడ్డానికి కారు ముందువైపు కన్నం ఉంటుంది. నువ్వయితే సరిగ్గా పడతావ్."

డ్రైవరుకి కళ్ళు చెమర్చాయి. "పాత జీతమేనా సార్?"

"అదే. హోదా మాత్రం సాఫ్ట్‌వేర్."

మధ్యాహ్నానికల్లా భార్య ఇరువైపుల చుట్టాలకీ ఫోన్లు చేసేసింది.

ప్రదర్శన రోజు మంత్రిగారు వెనక సీట్లో ఒక్కరే కూర్చున్నారు. ముందు సీటు ఖాళీ. కారు నీళ్ళ మీద పడవలా కదిలింది. విదేశీయులు నోళ్ళు తెరిచారు. అంతలో యువజన విభాగం అధ్యక్షుడికి కారు ముందున్న కన్నం కంటపడింది. మంత్రిగారి కారుకి కన్నమా? పరిగెత్తుకెళ్ళి దాని మీద మంత్రిగారి పోస్టరు అతికించాడు.

కారు నేరుగా సెలూన్‌లోకి వెళ్ళి కొత్తద్దం పగలగొట్టింది.

"అదే షాపుని గుర్తుపట్టింది! ఏం జ్ఞాపకశక్తి!" అని జనం కేరింతలు కొట్టారు. మంత్రిగారిని భుజాల మీదికెత్తుకుని ఊరేగింపుగా తీసుకెళ్ళిపోయారు. సెలూన్ యజమాని పరిహారం అడగడానికి వాళ్ళ వెనకే పరిగెత్తాడు. పెట్టె గడియ బయట ఉందన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మొదటి నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించినవాడు ఆ రోజు డ్రైవరొక్కడే.

చాలాసేపటికి సీటు కింద నుంచి టకటకమని చప్పుడు వినిపించింది. మిగిలిన సగం గడ్డం కోసం వచ్చి కుర్చీలోనే ఉన్న పెద్దమనిషి వంగి చూశాడు.

"ఎవరయ్యా లోపల? నడిపింది నువ్వేనా?"

చప్పుడు ఆగిపోయింది. లోపల డ్రైవరు రెండో నియమం గుర్తు చేసుకున్నాడు. ఉద్యోగం గుర్తు చేసుకున్నాడు. భార్య చేసిన ఫోన్లు కూడా గుర్తు చేసుకున్నాడు.

"ఎవరూ లేరండీ" అన్నాడు.