తలసరి ఖర్చు సున్నా

దేశం మొత్తంలో అత్యంత చవకైన మొబైల్ ఇంటర్నెట్ ఉన్న మారుమూల గ్రామంగా మా ఊరికి ప్రథమ బహుమతి వచ్చిందని తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాను. ఈ గౌరవం ఊరికే రాలేదు. ఏ ఊళ్ళో మనిషి నెలకు ఇంటర్నెట్ మీద ఎంత ఖర్చు పెడుతున్నాడో అధికారులు చెమటోడ్చి లెక్క తీశారు. మిగతా ఊళ్ళవాళ్ళు ఎంతో కొంత పెడుతున్నారు. మా ఊళ్ళో తలసరి ఖర్చు సున్నా. అంతకన్నా చవకగా ఇవ్వడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే.

మా ఊళ్ళో సిగ్నల్ లేదన్న చిన్న సంగతి ఆ పట్టికలోకి ఎక్కలేదు. దానికి గడి లేదు. గిట్టనివాళ్ళు రేపు వంకలు పెడతారేమోనని ఫిర్యాదుల విభాగాన్ని కూడా తిరగేశారట. ఫిర్యాదులు ఇంటర్నెట్ ద్వారానే పంపాలి గనక మా ఊరి నుంచి ఒక్కటీ వెళ్ళలేదు. దాంతో సంతృప్తి విషయంలోనూ మాకే నూటికి నూరు మార్కులు పడ్డాయి.

ఈ శుభవార్త, బహుమతి ఇవ్వడానికి మంత్రిగారే వస్తున్నారన్న కబురుతో సహా, మాకు పోస్టులో వచ్చింది. వెంటనే ఆహ్వాన సంఘం ఏర్పడింది, నేను కార్యదర్శినయ్యాను. వేదిక తెర, టెంటు అంచుల కుచ్చులు కుట్టే పని దర్జీ మాస్టారికి అప్పగించాం. ఊరంతటికీ ఉన్న కుట్టుమిషను ఆయనదొక్కటే. అప్పటికే ఆయన కుడి పాదం మీద పుండు ఉంది. షుగరు మనిషి. కత్తెర జారిపడి గీసుకున్న గాయం నెల దాటినా మానలేదు, అంచులు నల్లబడుతున్నాయి. ఎడమ కాలొక్కదానితో పెడలు తొక్కుతూ నలభై గజాల తెర కుట్టాడు. కుట్టు ఎక్కడా వంకర పోలేదని సాక్షాత్తూ మంత్రిగారి పీఏ మెచ్చుకున్నారు.

మాస్టారి పుండు విషయంలో వ్యవస్థ చేతులు కట్టుకు కూర్చుందనుకుంటే మీరు పొరబడినట్టే. మా ఊరి ఆరోగ్య కేంద్రంలో పనిచేసే నర్సమ్మకు ఫోను ఇచ్చారు, ఫోనులో యాప్ ఇచ్చారు. పుండు ఫోటో పంపితే పట్నంలో పెద్ద డాక్టరు చూసి ఒక నెంబరు ఇస్తారు. ఆ నెంబరు చూపిస్తే ఆస్పత్రిలో చేర్చుకుంటారు. నర్సమ్మ రోజూ ఫోటో తీసేది, అది వెళ్ళక ఫోన్లో రోజూ చక్రం తిరిగేది. ఒకసారి ఉండబట్టలేక నెంబరు లేకుండానే మాస్టారిని బస్సెక్కించి తీసుకువెళ్ళింది. కౌంటరులో వాళ్ళు ఎంతో మర్యాదగా, ఫోటో పంపాక రమ్మన్నారు. అక్కడే పంపబోతే, రోగి సొంత ఊరి నుంచి పంపితేనే యాప్ తీసుకుంటుందన్నారు. కాలే ఎదురుగా ఉంది కదా అని ఆమె అడిగింది. కాలు తమకు యాప్‌లో కనబడడం లేదన్నారు.

సభ రోజు మంత్రిగారితో పాటు ఒక వ్యాను కూడా వచ్చింది. దాని నెత్తిన మడత స్తంభం ఉంది. మా ఊరి ఇంటర్నెట్ విజయం గురించి ఆయన చేసే ప్రసంగాన్ని దేశమంతా ప్రత్యక్షంగా చూడాలి గనక సిగ్నల్ వెంట తెచ్చుకున్నారు. పదకొండింటికి ఊళ్ళోని ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. నర్సమ్మ ఆదరాబాదరా ఫోటో పెట్టింది. చక్రం పోయి అంకెలు వచ్చాయి. ఇరవై, నలభై, డెబ్బై శాతం.

మంత్రిగారు లేచి గొంతు సవరించుకున్నారు. "ప్రపంచాన్ని తెచ్చి మారుమూల మనిషి అరచేతిలో పెట్టాం. ఇక మీకూ వైద్యానికీ, మీకూ చదువుకూ మధ్య దూరమనే మాటే లేదు," అన్నారు.

మేం మూడు వందల మందిమి ఆయనకు ఎదురుగా కూర్చుని ఆయన్ని ఫోన్లలో చూస్తున్నాం. ఫోన్లో మంత్రిగారు అసలు మంత్రిగారి కన్నా కాస్త వెనకబడి మాట్లాడుతున్నారు. అందువల్ల ప్రతి మాటకూ రెండేసిసార్లు చప్పట్లు కొట్టాం.

తొంభై ఒకటి దగ్గర నర్సమ్మ అంకె నిలిచిపోయింది. ఆమె వ్యాను ఇంజనీరు దగ్గరికి వెళ్ళింది. ప్రసారంలో మంత్రిగారి పెదవులు ముందూ మాట వెనకా పడుతున్నాయని ఆయన తల పట్టుకుని ఉన్నాడు.

"ఒక్క ఫోటో సార్. రెండు నిమిషాలు జనాన్ని ఫోన్లు ఆపమంటే వెళ్ళిపోతుంది."

"లైవ్ అవనీయమ్మా. తర్వాత మీ ఇష్టం వచ్చినన్ని పంపుకోండి."

అక్కణ్ణుంచి నా దగ్గరికి వచ్చింది. మైకులో ఒక్క ముక్క చెప్పమని బతిమాలింది. మాస్టారు నా పక్క కుర్చీలోనే ఉన్నాడు. నేను లేవబోయాను కూడా. సరిగ్గా అప్పుడే కెమెరా మా వైపు తిరిగింది, నా ఫోన్లో నేను కనబడ్డాను. కాస్త ఆగమ్మా అన్నాను.

"పోనీలే నర్సమ్మా, ఇన్నాళ్ళు ఆగాం, ఇంకో గంట ఆగలేమా," అన్నాడు మాస్టారు.

గంటకు ప్రసంగం ముగిసింది. పక్క ఊళ్ళోనూ విజయం ఉండడంతో స్తంభం మడిచి వ్యాను కదిలిపోయింది. నర్సమ్మ కొంతదూరం దాని వెనకాలే పరుగెత్తింది. అంకె తొంభై ఆరు దాకా వచ్చి, మళ్ళీ చక్రమైంది.

పన్నెండు రోజులకు మాస్టారు ఒళ్ళు తెలియని జ్వరంతో పడిపోతే జీపులో వేసుకుని పట్నం వెళ్ళాం. ఈసారి ఎవరూ నెంబరు అడగలేదు. ప్రాణం మీదికి వస్తే నెంబరు అక్కర్లేదట. ఇంత ఉదారమైన నిబంధన ఉందని మాకు ముందు తెలియదు. కుడి కాలు మోకాలి కింద తీసేశారు. ఒంటికాలితో మిషను తొక్కడం మా సభ పుణ్యమా అని ఆయనకు అప్పటికే అలవాటైంది గనక ఇబ్బంది ఉండదని సంఘం ఊరట చెందింది.

టవరు కోసం అర్జీ పెడదామని నర్సమ్మ పట్టుబట్టింది. టవరు వస్తే జనం వాడతారు, వాడితే ఖర్చవుతుంది, ఖర్చయితే మొదటి ర్యాంకు పోతుంది. సంఘం ఆ ప్రతిపాదనను ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. తీర్మానం నేనే రాశాను, దస్తూరి బాగుందన్నారు.

ఆ ప్రసంగాన్ని లక్షా పదివేల మంది చూశారు. మీరూ చూసే ఉంటారు. పదిహేడో నిమిషంలో కెమెరా జనం మీదికి వస్తుంది. ముందు వరసలో చెయ్యి ఊపుతున్నది నేను. నా పక్క కుర్చీలో పాదానికి గుడ్డ చుట్టుకున్న మనిషి ఒకడు కనబడతాడు. వెనకాల ఒకామె ఫోను పైకెత్తి పట్టుకుని మీ వైపే చూస్తూ ఉంటుంది. మీరు చప్పట్ల బొమ్మ నొక్కి పైకి తోసేశారు. మీ దగ్గర సిగ్నల్ బాగానే ఉంది.