మొండయ్య బావ పాదం

ఆ ఉదయం చాయ్ తాగుతూనే సదానందం గట్టిగా తీర్మానించుకున్నాడు. ఇకపై మొండయ్య బావ కాలు దుకాణంలో పడకూడదు. మహారాష్ట్ర చంద్రపూర్‌లోని తుకుం పేటలో కూలర్లు అమ్మే సదానందానికి, బొగ్గు లారీ తోలే ఆ బావ స్వయానా భార్య అన్న. అయినా కళ్లెదుట రుజువు కనిపిస్తుంటే ఏం చేస్తాడు?

"ఇగో, ఫోన్ల చూడు. అమ్మకం గీత పడిపోయిన దినాలన్నీ మీ అన్న వచ్చి కూసున్న దినాలే. ఒక్కటి తప్పలే. నేనంటలేను, డేటా అంటుంది!" అన్నాడు భార్య వనితతో.

"మా అన్న ఏం జేసిండు? గిరాకిని ఎల్లగొట్టిండా?"

"పాదం, వనితా. పాదం మంచిది కాదు."

"అయితే మా అన్న అడుగు పెట్టని దుకాణంల నేనూ పెట్ట. నీ మరాఠీతోని నువ్వే అమ్ముకో పో!"

సదానందం మరాఠీ వింటే గిరాకీ వచ్చిన దారినే పోతుంది. అది తెలిసినా ధీమా తగ్గలేదు. బావను ముఖాన రావద్దనలేక, విరూర్‌లో మీ మేనత్త బాలమ్మ నీ కోసం కలవరిస్తోందని ఫోన్‌లో అబద్ధమాడాడు. మొండయ్య మెత్తటి మనిషి. పళ్లు కొనుక్కుని రైలెక్కేశాడు. పీడ విరగడైందని సదానందం ఒక వ్యాను నిండా కొత్త కూలర్లు తెప్పించాడు.

మర్నాడు వ్యానుతో పాటే మబ్బులూ వచ్చాయి. నడి వేసవిలో కుండపోత! దింపిన కూలర్లు రోడ్డు మీద తడుస్తున్నాయి. గిరాకీ లేదు. బావా లేడు. సదానందం బుర్ర గోక్కుంటూ దుకాణమంతా వెతికితే స్టూలు కింద బావ పాత చెప్పులు దొరికాయి. "అదీ సంగతి! పాదం పోయినా చెప్పులు పోలే" అంటూ వాటిని వానలోకి విసిరాడు.

అవి వచ్చి మొండయ్య ముందే పడ్డాయి.

"గివి నాయే గదా బావా! అత్త మంచిగనే ఉంది, నేనెప్పుడు పిలిచిన్నని నన్నే తిట్టింది." ఇంకో మాట అడగకుండా తువ్వాల నడుముకు బిగించి కూలర్లు లోపలికి మోయసాగాడు. "వాన పడితే మా బొగ్గు లారీలు బంద్. గప్పుడే గదా నాకు నీ దగ్గర కూసునే పుర్సత్!"

సదానందం ఉన్నచోటే ఆగిపోయాడు. వానొస్తే బావ వస్తాడు. వానొస్తే కూలర్ ఎవడు కొంటాడు?

అన్న వచ్చాడని విని పరుగున వచ్చిన వనిత అంతా బయటపెట్టేసింది. "వాన చేసిన పనిని నీ పాదం మీదికి నూకిండు అన్నా!"

మొండయ్య ముఖం చిన్నబోయింది. సదానందానికి ప్రాణం చచ్చిపోయినంత సిగ్గేసింది. "తప్పయింది బావా" అని చేతులు పట్టుకున్నాడు. మనసు కుదుటపడేలోగా, కూలర్లు మోసిన మొండయ్యకు నడుం పట్టేసింది. డాక్టరు లారీ ఎక్కొద్దన్నాడు. దుకాణంలో కూర్చోవడం తప్ప వేరే పని లేకపోయింది.

వాన వెలిసి మళ్లీ చంద్రపూర్ ఎండ విరుచుకుపడింది. వనిత కూడా అలక మాని వచ్చి కూర్చుంది. వ్యానెడు కూలర్లూ ఊడ్చుకుపోయాయి.

మొండయ్య మీసం దువ్వాడు. "చూసినవా బావా? నేను కూసున్న కాంచి గీత పైకే పోతుంది. నువ్వు చెప్పింది కరెక్టే, పాదమనేది ఉంటది!"

"పాదం కాదు బావా, ఎండ! నడుం నొచ్చి నువ్వు కూసున్నవ్, ఎండలకు జనం కొన్నరు. దానికీ దీనికీ సంబంధం లేదు!"

"ఏడుపెందుకు బావా? లారీ ఇడిచిపెడుతున్న. దుకాణం నీది, పాదం నాది. వాటా సగం సగం."

సదానందం దిక్కులేక భార్య వైపు చూశాడు. "మా అన్న అబద్ధం చెప్తడా?" అంది వనిత.

ఎండలు ముదిరే కొద్దీ బావ వాదానికి బలం పెరుగుతూనే ఉంది.