ప్రేమ్ రాజ్ బీదరికం

ఆ బుధవారం పొద్దున ప్రేమ్ రాజ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగి, వకీలు లక్ష్మణ్‌ను కలిసి, విడాకులిచ్చిన భార్య వినీలకు నెలనెలా కట్టే ఎనిమిది వేలను నాలుగు వేలకు తగ్గించమని కోర్టులో అర్జీ పెట్టించాలి. మిగిలే నాలుగు వేలతో ఏం చేయాలో ఎప్పుడో తేల్చుకున్నాడు. ఏమీ చేయకూడదు. ఎయిర్‌పోర్టుకు క్యాబు ట్రిప్పులు సగం మానేసి, మామిడిపల్లి ఇంటి డాబా మీద మంచం వేసుకుని, దిగే విమానాలను చూస్తూ పడుకోవాలి. మంచు పొద్దుల్లో చప్పుడు కంటే ముందు వాటి వెలుగు వచ్చేది. విమానం పెద్ద పొట్ట తలమీదుగా మెల్లగా సాగిపోతుంటే మంచంతో సహా తనూ కాస్త పైకి లేచినట్టే ఉండేది అతనికి. విడాకులకు సగం కారణం ఆ డాబాయే. అయినా అతని ప్రాణమంతా దానిమీదే ఉంది.

ఇల్లు ఇద్దరి పేరునా కొన్నది. విడిపోయేటప్పుడు వినీల తన సగం అతనికి వదిలేసి, కొత్తూరు ఫ్యాక్టరీలో పని చేసుకుంటూ అక్కడే కిరాయి గదిలో చేరింది. ఆ సగానికి బదులు పదేళ్లపాటు నెలకు ఎనిమిది వేలు ఇస్తానని ఒప్పందం మీద ప్రేమ్ రాజ్ సంతకం పెట్టాడు.

వకీలు అంతా విని, ఆదాయం పడిపోయిందని ఎవరైనా పెద్దమనిషి రాసిస్తే బాగుంటుందన్నాడు. ప్రేమ్ రాజ్ నేరుగా పాస్టర్ మత్తయ్యగారి దగ్గరికి వెళ్లి ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. అబద్ధమేమీ ఆడలేదు, నిట్టూర్చాడంతే. మత్తయ్యగారు ఉత్తరం రాసిచ్చారు. అదే ఉత్తరాన్ని ఆదివారం ఆరాధనలో ప్రార్థన విన్నపంగా చదివి వినిపించారు కూడా.

సోమవారం చర్చి స్త్రీల సమాజాన్ని నడిపే జయశీల నలుగురు అక్కలను వెంటబెట్టుకుని వచ్చింది. చర్చి ఇళ్లలో ఎసరు పెట్టేటప్పుడల్లా దేవుడి పేరున తీసిపెట్టే పిడికెడు బియ్యం ఆ వారం మొత్తం అతనికే చేరింది. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రేషన్ బియ్యం కలగలిసి రెండు సంచులు. వద్దంటే కోర్టు కాగితం అబద్ధమైపోతుంది కనక తల వంచుకుని తీసుకున్నాడు. వంగిన ఆ తలను చూసి జయశీల ఇంకా కరిగిపోయి మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టించింది.

అతను నడిపే క్యాబు యజమాని వినోద్ కుమార్‌దీ అదే చర్చి. ఇంత వేదనలో ఉన్నవాడి చేతికి స్టీరింగు ఇవ్వడం పాపమని, బండి వెనక్కి తీసుకుని నెల రోజులు విశ్రాంతి ఇచ్చాడు. అలా ప్రేమ్ రాజ్ కాగితం మీద ఎంత బీదవాడో పక్షం తిరిగేసరికి నిజంగానే అంత బీదవాడయ్యాడు. డాబా మీద వెల్లకిలా పడుకుని, కేసు బాగా గట్టిపడుతోందని మురిసిపోయాడు.

వాయిదా రోజున చర్చి సగం కోర్టు హాల్లోనే ఉంది, కళ్లు మూసుకుని పెదాలు కదుపుతూ. జడ్జిగారు కాగితాలు తిరగేశారు.

"ఇది భరణమైతే మీ పరిస్థితి మారిందని తగ్గించే వీలుండేది. కానీ ఇది ఇంట్లో ఆమె వాటాకు మీరు కడుతున్న ధర. ఇద్దరూ ఒప్పుకుని రాసుకుంటే తప్ప కోర్టు దీన్ని మార్చదు."

ప్రేమ్ రాజ్ ఉసూరుమన్నాడు. అప్పుడు వినీల లేచింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

"నేను ఒప్పుకుంట సార్. ఈయన గిట్ల బియ్యం అడుక్కునుడు నేను చూడలేను. ఇల్లు నేనే తీసుకుంట. ఇప్పటిదాంక ఆయన నాకు ఇచ్చిందీ, ఆయన సగం పైసలూ కలిపి నెలకు ఎనిమిది వేలు నేనే ఇస్త."

సమ్మతమేనా అని జడ్జిగారు అడిగారు. ప్రేమ్ రాజ్ వెనక్కి తిరిగి చూశాడు. ఉపవాసాలతో పీక్కుపోయిన ముఖాలన్నీ వెలిగిపోతున్నాయి. ఇదంతా నాలుగు వేల కోసం వేసిన నాటకమని ఆ ముఖాలకు ఎలా చెప్పడం? వినీల దగ్గరికి వచ్చింది.

"పరేషాన్ గాకు. ఇగ నువ్వు ఎవ్వరికీ ఏం ఇయ్యాల్సిన పన్లేదు," అంది మెల్లగా.

ఆమె అతనితో అంత మెత్తగా మాట్లాడి ఆరేళ్లయింది. ఆ గొంతులో తేలిపోతూ, ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకాలు పెట్టేశాడు. కలం మూత పెట్టేసరికి డాబా పోయింది.

ఇప్పుడు ఆరాంఘర్‌లో, కిటికీ తెరిస్తే పక్కింటి గోడ తగిలే గదిలో ఉంటున్నాడు. కిరాయి సరిగ్గా ఎనిమిది వేలు. ఒకటో తారీఖున వినీల డబ్బు పంపని నెల లేదు. తగ్గించమని ఆమె ఇంతవరకూ కోర్టుకు వెళ్లలేదు.