చంద్రుడి మీద పడ్డ నింద

బుధవారం పొద్దున్నే ఓడ్వార్ ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. ఉత్తరాన మంచుదేశంలోని బోడో రేవు పక్కన తను పనిచేసిన సముద్ర పరిశోధనాలయానికి వెళ్లి, అక్కడ బుధవారాల్లో పెట్టే వాఫుల్ అట్టు తిని, ఒంటిగంటకల్లా ఇంటికొచ్చి కునుకు తీయాలి. అంతే పథకం. చేపపిల్లలకు తిండయ్యే ఎర్రటి చిరుజీవుల్ని అక్కడ ముప్ఫై ఎనిమిదేళ్లు ప్రతి మంగళవారం వలవేసి పట్టి, లెక్కపెట్టి, నోటుపుస్తకాల్లో రాశాడు. ఈ వేసవిలో ఆ పుస్తకాలు పారేస్తారట. తలుచుకుంటే గుండె కలుక్కుమంటోంది.

గుమ్మంలోనే సిల్యే ఎదురొచ్చింది. సముద్రం వేడెక్కితే ఆ జీవులేం చేస్తాయో కంప్యూటర్‌తో లెక్కగట్టే పిల్ల.

"పెద్దాయనా, మీ పుస్తకాలన్నీ కంప్యూటర్‌కెక్కించా. ఏటా వసంతంలో మొదటి పున్నమి వారం మీ జీవులు మాయం. ఒక్కటంటే ఒక్కటి లేదు."

"ఏటానా?"

"ఏటా. తేదీ మారినా పున్నమి తప్పట్లేదు. చంద్రుణ్ణి చూసి అడుక్కి దిగిపోతున్నాయి."

ఓడ్వార్ నోరు తెరిచేలోపే డైరెక్టరు హాల్డిస్ వచ్చి అతని భుజం తట్టింది. "పుస్తకాలకి నిప్పంటని బీరువా చేయిస్తున్నాం. మధ్యాహ్నం పత్రికలవాళ్లు, మంత్రిగారి కార్యదర్శి వస్తున్నారు. మీరు ముందు వరసలో కూర్చోవాలి."

వంటగదిలో వాఫుల్స్‌ని అప్పటికే నెలవంకల్లా కోసేశారు. పున్నమికి పడవలు కట్టేసుకోమంటారా అని జాలర్ల సంఘం పెద్ద ఫోన్ చేశాడు.

మధ్యాహ్నం అందరూ వచ్చాక, ముందు వరసలో కూర్చుని ఓడ్వార్ ఒక పాత పుస్తకం తెరిచాడు. పున్నమి వారం గడి ఖాళీ. పక్కనే భార్య ఆస్లౌగ్ చేతిరాత: 'గుడిసె తాళం మరవకు.' దానిమీద నారింజ మరక. మంచులో ఎండకు కూర్చుని తొనలు ఒలిచిపెట్టిన ఆ మనిషి పోయి ఆరేళ్లయింది. అతని కళ్లు చెమర్చాయి. నిజం చెబితే పుస్తకాలు చెత్తబుట్టకు పోతాయి. చెప్పకపోతే ఆస్లౌగ్‌తో గడిపిన వారాలన్నీ చంద్రుడి ఖాతాలోకి పోతాయి.

అతను లేచాడు. "అమ్మాయీ, అవెక్కడికీ పోలేదు. నేనే పోయా."

"ఎక్కడికి?"

"కొండమీది మా గుడిసెకి, ఈస్టర్ సెలవులకి. ఈస్టర్ వచ్చేది ఆ పున్నమి వెంటేగా. వేసవి సెలవుల్లో నా బదులు ఎవరో ఒకరు వలవేసేవాళ్లు. ఈస్టర్‌కి ఊరే ఖాళీ. గడి ఖాళీగా వదిలేస్తే నీ కంప్యూటర్ సున్నా వేసుకుంది."

అక్కడున్నవాళ్లంతా ఏటా ఈస్టర్‌కు కొండెక్కేవాళ్లే, ఒక్కరికీ తట్టలేదు. హాల్డిస్ మొహం మాడిపోయింది. సిల్యే చెవులు సిగ్గుతో ఎర్రబడ్డాయి. అయినా అందరి ముందే ఆ ఖాళీ వారాల్ని తీసేసి లెక్క మళ్లీ నడిపింది. తెరమీద వచ్చిన కొత్త గీతను వేలితో చూపించింది.

"పెద్దాయనా, మీరు ఉద్యోగంలో చేరినప్పుడు ఇవి మే నెలలో పైకొచ్చేవి. మీరు మానేసేనాటికే మూడు వారాలు ముందు వచ్చేస్తున్నాయి. ఇంతకాలం ఆ సున్నాలు దీన్ని కనపడనివ్వలేదు."

"చేపపిల్లలు పుట్టేసరికి తిండి అయిపోతుందన్నమాట," అన్నాడు కార్యదర్శి నెమ్మదిగా. "బీరువా చేయించండి. ఈస్టర్‌వారం లెక్క కూడా ఇకమీదట కావాలి. ఎవరుంటారు?"

అందరూ ఎవరి బూట్లు వాళ్లు చూసుకున్నారు. ఆ తర్వాత, ఒక్కొక్కరే, ఓడ్వార్‌ను చూశారు.

ఉద్యోగం వదిలిన పదేళ్లకు, డెబ్బై ఎనిమిదో ఏట, ఓడ్వార్‌కు మొదటిసారి ఈస్టర్ సెలవు రద్దయింది.