కోడలి కంచం మీద సంఘం తనిఖీ

మనిషి మెదడు తల్లి కంచంలోనే తయారవుతుందని కోక్‌బెల్ పట్టణ తల్లీబిడ్డల పోషణ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. అంతకుముందు అది ఎక్కడ తయారయ్యేదో సభలో ఎవరూ అడగలేదు. గర్భిణి తినే ప్రతి ముద్దా బిడ్డ మెదడుకే కాక జన్యువులకూ చేరుతుంది కనుక, రేపటి మనవడి లెక్కల మార్కులకు ఇవాళ్టి కూరే బాధ్యత వహించాలని నిబంధనావళి ముందుమాటలో రాశారు. (మనవడి సమ్మతి తీసుకునే వీలు లేనందుకు అక్కడే విచారం కూడా వ్యక్తం చేశారు.)

సంఘం ఆఫీసులో ఆ నిబంధనావళి రాసిన బేగాయిమ్‌కు అప్పటికి పెళ్లి కాలేదు. వంట చేయని వాళ్లకుండే ధైర్యంతో కలం పట్టింది. సంఘం నెలకోసారి గర్భిణి ఇంటికి వెళ్లి భోజనాన్ని స్వయంగా పరిశీలించాలని రాసింది. రుచి చూడనిదే పరిశీలన పూర్తయినట్టు కాదని మరో వాక్యం చేర్చి, తన మేధకు తానే మురిసిపోయింది. గడప తొక్కిన మనిషిని పస్తు పంపడం కిర్గిజ్ ఇంట్లో పుట్టి బుద్ధెరిగిన ఎవరికీ చేతకాదన్న సంగతి ఆమెకు ఆఫీసు కుర్చీలో గుర్తురాలేదు.

ఇప్పుడామెకు ఆరో నెల. ఒంట్లో రక్తం బాగా తగ్గిందని, ఇలాగే ఉంటే బిడ్డ మెదడుకు మంచిది కాదని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. కార్జం తినమంది. అత్త ఊల్కన్ బజారంతా తిరిగి గొర్రె కార్జం తెచ్చి, ఉల్లిపాయలేసి వేయించింది. మూత తీసిన వేళకే తలుపు చప్పుడైంది.

సంఘం అధ్యక్షుడు సదిర్‌బాయ్ రిటైరైన పశువుల డాక్టరు. (పట్టణంలో మెదళ్లను కళ్లారా చూసినవాడు ఆయనొక్కడే. అవి గొర్రెలవి.) సభ్యురాలు కలిపా సంచిలోంచి కాగితాలతో పాటు చెంచా కూడా తీసింది.

ఇంటి కోడలు కనుక బేగాయిమ్ టీ నీళ్లు కాగే సమోవర్ పక్కన కూర్చుని టీ పోయసాగింది. కోడలు తినేది చివర్లోనే. సదిర్‌బాయ్ ఒక ముక్క నమిలి ఇనుము ఉందన్నాడు. మొదటి ముక్క సాక్ష్యం చాలదని రెండోది తీసుకున్నాడు. జన్యువుల విషయం తొందరపడి తేల్చేది కాదంటూ కలిపా గిన్నె తనవైపు జరుపుకుంది.

ఊల్కన్ ఇక ఉండబట్టలేకపోయింది. "కోడలికి నాలుగు ముక్కలుంచు నాయనా, వట్టి మనిషి కాదు."

"అందుకేగా అక్కా మేమొచ్చింది," అన్నాడు సదిర్‌బాయ్, రొట్టెతో గిన్నె అంచు తుడుస్తూ.

పరిశీలన వేళ గర్భిణి జోక్యం చేసుకోరాదన్నది నిబంధన. 'జోక్యం' అన్న మాట కోసం బేగాయిమ్ ఆ రోజు మధ్యాహ్నమంతా వెతికింది. దొరికినప్పుడు ఎంత సంబరపడిందో తలుచుకుంటే ఇప్పుడు తనను తానే నాలుగు తగిలించుకోవాలనిపించింది. గిన్నెలో మూడు ముక్కలు మిగిలాయి. బిడ్డకు చేరాల్సినవి ఒక్కొక్కటే గడ్డం చాటున మాయమవుతుంటే ఆమెకు నిజంగానే భయం వేసింది.

అప్పుడామె ఏ కోడలూ చేయని పని చేసింది. అతిథికి కప్పు సగమే పోస్తారు, మళ్లీ మళ్లీ పోస్తూ కూర్చోబెట్టడానికి. అంచుదాకా పోస్తే ఇక లేవమని అర్థం. సదిర్‌బాయ్ కప్పును ఆమె సాసర్‌లోకి పొర్లేదాకా నింపింది.

ఊల్కన్ తల వంచుకుంది, నవ్వు దాచుకోవడానికో సిగ్గుతోనో తెలియదు. కలిపా చెంచా ఆగింది. సదిర్‌బాయ్ కప్పు వంక చూశాడు. ఆయనా ఈ ఊళ్లోనే పుట్టాడు, అర్థం కాకపోవడమేమిటి?

"చెయ్యి వణుకుతోంది. రక్తం తక్కువైన లక్షణం, రాసుకో కలిపా," అన్నాడు తాపీగా. "నెలకోసారి వస్తే చాలదమ్మా. ఇకనుంచి ప్రతి గురువారం వస్తాం. కార్జం మాత్రం మానకండి."

ఆ సవరణ మీద నిబంధనావళి రచయిత్రిగా బేగాయిమే సంతకం చేయాల్సి వచ్చింది. చేస్తుండగా కడుపులో బిడ్డ గట్టిగా ఒక్క తన్ను తన్నింది. సంఘం దాన్ని మెదడు ఎదుగుదలగా నమోదు చేసుకుని, ఆహారం చక్కగా పనిచేస్తోందని రాసి, మిగిలిన మూడు ముక్కలూ పంచుకుంది.