శాంతయ్యకు నలుపు చాలలేదట!

నాటకాల కంపెనీలు రాకపోతే పల్లెటూరివాళ్లకు తమ గురించి తమకేం తెలుస్తుందండీ? మొయినాబాద్ కూలీ శాంతయ్య సంగతే చూడండి. ముప్పయ్యేళ్లు ఎండలో పనిచేసినా తన నలుపు చాలదని ఆయనకు 1941లో గాని తెలియలేదు!

ఆ ఏడు చేవెళ్ల అంగడినాడు పట్నం కంపెనీ ఒకటి డేరా వేసింది. మధ్యాహ్నం ఆటకు గంట ముందు, కూలివాడి వేషం కట్టే హాస్యగాడికి గొంతు పోయింది. గుంజలు పాతడానికి వచ్చిన శాంతయ్యను మేనేజరు రామేశ్వర్ లోపలికి పిలిచాడు.

"ఇవాళ ఆ వేషం నువ్వే కట్టాలోయ్!" అంటూ ముఖానికి మసి పూయబోయాడు.

"నేను నల్లగనే ఉన్న గద సాబ్?"

"ఇది మామూలు నలుపయ్యా. దీనికి నవ్వు రాదు!"

ఎంత సూక్ష్మమైన కళ! తరువాత భాష. శాంతయ్య మాట కూలివాడి మాటలా లేదని, మేనేజరు నత్తి కలిపి నేర్పాడు. ఆటలో కూలివాడికి వచ్చే ఉత్తరం చేతికివ్వగానే శాంతయ్య గడగడా చదివేశాడు. ఆదివారం ప్రార్థనలో బైబిలు చదివేది ఆయనే మరి! మేనేజరు బెంబేలెత్తిపోయాడు.

"చదవకూడదయ్యా! ఉత్తరాన్ని తలకిందులుగా పట్టుకోవాలి. ఒళ్లు గోక్కోవాలి. అప్పుడే అసలైన కూలివాడు!"

శాంతయ్య తెర సందులోంచి చూశాడు. అవతలే చాపల మీద భార్య విమలమ్మ, తోటి కూలీలు కూర్చుని, లోపలి మాటలన్నీ వింటున్నారు. వాళ్ల ముందు గోక్కోవాలా? మసి డబ్బా పక్కనే ఆడవేషాలకు పూసే తెల్ల పౌడరు కనిపించింది. దోసెడు తీసి ముఖానికి పట్టించాడు. మేనేజరు కండువా లాక్కుని భుజాన వేసుకున్నాడు. సరాసరి రంగస్థలం ఎక్కాడు.

"ఓయ్! ఎవరక్కడ? ఎండను ఆపండోయ్, నా పౌడరు కారిపోతోంది!" అని ముక్కుతో రాగం తీశాడు. "గుంజ పాతడం నాకు రాదు. అయినా మీకు నేర్పుతాను!"

చాపలు పొట్ట పట్టుకుని నవ్వాయి. కుర్చీలు నవ్వలేదు. ముందు వరుసలోని షావుకారు ముకుందం లేచి నిలబడ్డాడు. "గిదేం ఎక్కిరింత? పెద్దమనుషులకు ఇజ్జత్ లేదా?"

మేనేజరు రంగస్థలం మీదికి ఉరికి, రెండు చేతులూ పైకెత్తి ప్రకటించాడు. "ఒకరి రంగునీ, మాటనీ వెక్కిరించడం కళ కాదు! అది జాతికే అవమానం!"

ఇంత గొప్ప సిద్ధాంతం చేవెళ్లలో అంతకుముందు ఎవరైనా విన్నారా?

విమలమ్మ చాప మీదనుంచే తలూపింది. "మస్తు మంచిగ చెప్పిండు సాబ్. పాపం, గీ మాట సాబ్‌కు ఇన్నొద్దులు ఎవ్వలు చెప్పలేదేమో!"