చంద్రమౌళి ముక్కు ఫెయిలైన వైనం

టీ తాగి, బూట్లు తొడుక్కుని, గూడ్సు బండి తీసుకుని కర్గీ రోడ్ స్టేషను వైపు వెళ్లాలి. ఆ ఉదయం డ్రైవరు చంద్రమౌళి పెట్టుకున్న కార్యక్రమం ఇంతే. లేసు కట్టుకుందామని వంగేసరికి ఎడమ ముక్కులోంచి నీళ్లు బొటబొటా బూటు మీద పడ్డాయి. జలుబు లేదు, తుమ్ము లేదు. కొన్నాళ్లుగా ఇదే వరస.

భార్య అప్పయమ్మ పట్టుబట్టి ఆస్పత్రికి లాక్కెళ్లింది. ముక్కు డాక్టరు రాజశ్రీ ఆ నీళ్లను సీసాలో పట్టి పరీక్షకు పంపితే, అవి మెదడు చుట్టూ ఉండే నీళ్లని తేలింది. సీటీ స్కానులో ముక్కు పైకప్పు ఎముకకు రెండు చోట్ల చిల్లులు కనబడ్డాయి.

"సీటీ ఎముకను చూపిస్తుంది గానీ నీళ్లను కాదు. ఈ రెండింట్లో కారేది ఏదో ఎమ్మారైలో చూద్దాం. అశ్రద్ధ చేస్తే క్రిములు మెదడుకెక్కుతాయి," అంది రాజశ్రీ.

చంద్రమౌళికి మెదడు గురించి దిగులు లేదు. ఇంజను దింపేసి ఏ ఆఫీసు మూలనో కూర్చోబెడతారేమోనని ఒకటే గుబులు. వైద్య పరీక్ష వస్తోందంటే ముందే బీపీకని ఉప్పు మానేసి, చూపుకని క్యారెట్లు నమిలి, ఎలాగోలా గట్టెక్కడం డ్రైవర్లకు పాత అలవాటు. పరీక్ష అన్నది పాసవడానికే పుట్టిందని ఆయన నమ్మకం.

"వంగితేనే కదా కారతాది? కూసునే పడుకోండి," అంది అప్పయమ్మ. ఇంట్లో దిళ్లన్నీ వీపుకు ఆనించి, పెళ్లిపీటల మీద కూర్చోబెట్టినట్టు నిటారుగా కూర్చోబెట్టింది. బూట్లు కూడా తనే తొడిగింది. ఆదివారానికల్లా ముక్కు ఎండిపోయింది. ఎమ్మారైలో చుక్క కనబడలేదు.

"అచ్ఛా, పాసైపోనారు. ఇంక డ్యూటీకెళ్లొచ్చా?" అని అడిగింది అప్పయమ్మ.

రాజశ్రీ నుదురు ముడిపడింది. "సీటీ చిల్లులున్నాయంటోంది, ఎమ్మారై నీళ్లు లేవంటోంది. నడుములో సూదితో మందు ఎక్కించి మళ్లీ సీటీ తీయాలి. అప్పుడు కూడా నీళ్లు కారుతుంటేనే చోటు దొరుకుతుంది. తేలేదాకా బండి ఎక్కడానికి లేదు."

సూది మాట వినగానే అప్పయమ్మ హడలిపోయింది. "ఏటండీ ఇంకా దాసీది? సెప్పీండి," అంది భర్తతో. ఆయన చెప్పేదాకా ఆగకుండా తనే దిళ్ల సంగతంతా బయటపెట్టింది.

రాజశ్రీ నవ్వలేదు. "కారే చోటు తెలిస్తే ముక్కులోంచే పూడుస్తాను. మానాక ఇంజను ఎక్కొచ్చని నేనే రాస్తాను. తెలియకపోతే ఏమని రాయమంటారు?"

చంద్రమౌళికి సిగ్గేసింది. ఇన్నాళ్లూ బండి నడిపింది తన ఒళ్లా, తన టక్కులా అన్న అనుమానం మొదటిసారి కలిగింది. తన ఇంజను లాగిన బండ్లు గుర్తొచ్చి భయం కూడా వేసింది.

"సూది తర్వాత చూద్దాం. ఎమ్మారై ఇంకోసారి తీద్దాం. ఈసారి మీరు ఫెయిలవ్వాలి," అంది రాజశ్రీ.

"నాకు అలవాటు లేదమ్మా," అన్నాడాయన దిగులుగా.

అయినా మనసు పెట్టి ప్రయత్నించాడు. దిళ్లు తీసేసి బోర్లా పడుకున్నాడు. వంగి మంచాల కింద ఊడ్చాడు. ఈసారి ఎమ్మారైలో ఎడమ చిల్లులోంచి తెల్లటి గీత ఒకటి ముక్కులోకి దిగుతూ స్పష్టంగా కనబడింది. సూది తప్పింది, ఆపరేషనుకు రోజు ఖాయమైంది.

భర్త ఫెయిలయ్యాడని ఆ సాయంత్రం అప్పయమ్మ వరసలోని క్వార్టర్లన్నిటికీ జిలేబీలు పంచింది.